ఉమ్మెత్త: మందెంత, విషమెంత? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో మందుల దుకాణం నడుపుతున్నాను. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు చాలామంది ఒక మాట మా దగ్గర అడిగి వెళతారు. ఫోన్లలో తిరిగే ఆకు చిట్కాల గురించి ఈ మధ్య అడగడం మరీ ఎక్కువైంది. వాటన్నిటిలో నన్ను భయపెట్టేది ఉమ్మెత్త. ఈ మొక్కలోని పదార్థం ప్రాణం పోస్తుంది, అదే మొక్క ప్రాణం తీస్తుంది. రెండూ నిజమే కాబట్టి చిట్కా చెప్పేవాళ్లు మొదటి సగం చెప్పి ఊరుకుంటారు. రెండో సగం కూడా చెప్పాలనే ఈ జవాబులు.

ఏ మొక్క ఇది? ఎలా గుర్తుపట్టాలి?

బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ గట్ల మీద, రైలు పట్టాల పక్కన, చెత్త పోసే ఖాళీ స్థలాల్లో, గుంటూరు వైపు చేల గట్ల వెంట తనంతట తాను మొలుస్తుంది. నడుమెత్తు పెరుగుతుంది. ఆకు వెడల్పుగా ఉంటుంది. తొడిమ దగ్గర ఆకు రెండు అంచులూ ఒకేచోట మొదలు కావు, ఒకటి కాస్త పైకి ఉంటుంది. నలిపితే వెగటు వాసన వస్తుంది. బాకా ఆకారంలో ఉండే పువ్వు సాయంత్రం పూట విచ్చుకుంటుంది. కాయ నిమ్మకాయంత ఉండి ఒళ్లంతా ముళ్లతోనో మొటిమలతోనో ఉంటుంది.

ఇది వంకాయ, టమాటా కుటుంబానికి చెందిన మొక్క. గుంటూరు పేరు చెప్పగానే గుర్తొచ్చే మిరప, పొగాకు కూడా ఆ కుటుంబానివే. కొందరు ఇళ్ల ముందు అలంకారానికి పెంచే, పూలు కిందికి వేలాడే పెద్ద బాకాపూల చెట్టు బ్రుగ్మాన్షియా దీనికి దగ్గరి చుట్టం. విషాలు కూడా ఇవే.

నల్ల ఉమ్మెత్తే విషం, తెల్లది మంచిదంటారు. నిజమా?

కాదు. రెండూ విషమే. పువ్వు రంగును బట్టి ధైర్యం తెచ్చుకోవద్దు.

మొక్కలో ఏ భాగం ప్రమాదకరం?

వేరు నుంచి పువ్వు దాకా అంతా. గింజలు మరీ ప్రమాదం. వాటిలో అట్రోపిన్, హయోసయమిన్, స్కోపోలమిన్ అనే మూడు పదార్థాలున్నాయి. నరాల చివర నుంచి అవయవాలకు కబురు మోసే అసిటైల్‌కొలిన్ అనే రసాయనాన్ని ఇవి పనిచేయనివ్వవు. లాలాజలం ఊరమని, చెమట పట్టమని, కంటిపాప కుంచించుకోమని, పేగులు కదలమని, గుండె నెమ్మదించమని చెప్పే కబుర్లన్నీ దారిలోనే ఆగిపోతాయి. అందుకే ఈ విషం లక్షణాలు తల నుంచి పొత్తికడుపు దాకా ఒకేసారి బయటపడతాయి.

తింటే ఎంతసేపటికి తెలుస్తుంది? మనిషి ఎలా ఉంటాడు?

సాధారణంగా అరగంట నుంచి గంటలోపు మొదలవుతుంది. ముందు నోరు పిడచగట్టుకుపోతుంది. నీళ్లిచ్చినా మింగలేరు. మాట ముద్దగా వస్తుంది. ముఖం ఎర్రబడుతుంది, ఒళ్లు కాలిపోతున్నా చుక్క చెమట ఉండదు. కంటిపాపలు విచ్చుకుపోయి దగ్గరి వస్తువులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి, వెలుతురు చూడలేరు. గుండె దడదడలాడుతుంది. మూత్రం బిగుస్తుంది.

తరువాత మతి చలిస్తుంది. లేని మనుషులతో మాట్లాడతారు. గాలిలో ఏవో దారాలు వేళ్లతో పట్టి లాగుతుంటారు, కట్టుకున్న బట్టల అంచులు, దుప్పటి అంచులు పీకుతుంటారు. అటూ ఇటూ తూలుతూ పరుగెత్తబోతారు. ఒక పూటకు ముందు బాగా ఉన్న పిల్లవాడు ఇలా అయిపోతే ఇంట్లోవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు. గాలి సోకిందని, దెయ్యం పట్టిందని వేపమండలు పట్టుకుని మంత్రగాళ్ల ఇంటికి తీసుకుపోయే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టను, చూస్తే అలాగే ఉంటుంది. కానీ దయచేసి ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఉన్నట్టుండి మతి తప్పిన మనిషికి ఒళ్లు కాలుతూ, నోరు ఎండి, కంటిపాపలు బాగా విచ్చుకుని ఉంటే అది విషం. మంత్రం దగ్గర పోయే ప్రతి నిమిషం ఆసుపత్రి దగ్గర దొరకాల్సినది.

ఈ స్థితి ఒకటి రెండు రోజులు ఉంటుంది. చూపు మసక ఇంకొన్నాళ్లు ఉండవచ్చు. మోతాదు ఎక్కువైతే మూర్ఛలు, స్పృహ కోల్పోవడం, గుండె లయ తప్పడం, మరణం.

ఎవరైనా తిన్నారని అనుమానం వస్తే ఏం చేయాలి?

లక్షణాల కోసం ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లో అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. గుంటూరులో, విజయవాడలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులున్నాయి. తిన్న మొక్క కొమ్మో, కాయో, నోట్లో మిగిలిన గింజలో ఒక కవర్‌లో వేసి వెంట తీసుకెళ్లండి. డాక్టర్‌కు అది సగం జవాబు.

ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. చింతపండు రసం, మజ్జిగ, నిమ్మరసం ఏవీ వద్దు. మింగడం చేతకాని మనిషికి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మగతగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. జ్వరం కాస్తుంటే తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు, చెమట ఆగిపోవడం వల్ల పెరిగిన వేడి ఇది. వెలుతురు, గోల తగ్గించండి. క్షణం కూడా ఒంటరిగా వదలకండి. మతి తప్పిన మనిషి మేడ అంచుకు వెళ్లవచ్చు, రోడ్డు మీదికి పరుగెత్తవచ్చు, కాలువలో దిగవచ్చు. మన ఊళ్లో కాలువ ఎంత దూరమో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆసుపత్రిలో త్వరగా చేరితే విషాన్ని పీల్చుకునే బొగ్గుపొడి ఇస్తారు, ఆందోళన తగ్గించే మందు ఇస్తారు, ఒళ్లు చల్లబరుస్తారు, మూత్రానికి గొట్టం వేస్తారు, గుండెను కనిపెట్టి చూస్తారు. దీనికి నేరుగా విరుగుడు ఫైసోస్టిగ్మిన్ అనే మందు. అది కూడా పశ్చిమ ఆఫ్రికాలో దొరికే కాలబార్ చిక్కుడు అనే మరో విషపు గింజ నుంచి పుట్టినదే. అన్నిచోట్లా దొరకదు, అందరికీ వాడరు. సకాలంలో చేరిన వాళ్లలో ఎక్కువమంది అది లేకుండానే కోలుకుంటారు.

వినాయక చవితి పత్రిలో ఉమ్మెత్త ఉంటుంది కదా? పూజలో వాడకూడదా?

తప్పకుండా వాడుకోండి. ఏకవింశతి పత్రాల్లో దత్తూర పత్రం ఇదే. ఆ ఇరవై ఒకటిలో కరవీర పత్రం, అంటే గన్నేరు, అర్క పత్రం, అంటే జిల్లేడు కూడా ఉన్నాయి. ఆ రెండూ విషమే. గన్నేరు గుండె మీద దెబ్బకొడుతుంది, జిల్లేడు పాలు కంట్లో పడితే చూపు మీదికి తెస్తాయి. స్వామికి సమర్పించడంలో ఏ ప్రమాదమూ లేదు, చేతులు మారేచోటే ప్రమాదం. పత్రి కట్టలో ఏ ఆకు ఏదో తెలియని రోజులివి. పండుగ తెల్లవారి ఆ ఆకులన్నీ కషాయం కాచుకుని తాగితే సర్వరోగాలూ పోతాయని ఒక సందేశం ఫోన్లలో తిరుగుతోంది. దాన్ని నమ్మి మారేడు, తులసితో పాటు ఉమ్మెత్త, గన్నేరు కూడా ఒకే గిన్నెలో వేస్తే ఏమవుతుందో ఆలోచించండి. పూజ చేసే పిల్లల చేత పత్రి కోయిస్తే తరువాత సబ్బుతో చేతులు కడిగించండి. శివరాత్రికి కోటప్పకొండకో అమరావతికో ఉమ్మెత్త పూలు పట్టుకెళ్లే వాళ్లకూ ఇదే మాట.

మిరప గింజల్లో ఉమ్మెత్త గింజలు కలిస్తే పోల్చుకోగలమా?

గుంటూరు ప్రాంతం వాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఇది. మన దేశంలో వైద్యవిద్యార్థులకు న్యాయవైద్యం పాఠంలో ఈ తేడా ప్రత్యేకంగా నేర్పుతారు, ఎందుకంటే ఈ రెండు గింజలూ చూపుకు దగ్గరగా ఉంటాయి.

తెల్లకాగితం మీద రెండు రకాలూ పక్కపక్కన పోసి భూతద్దంతో చూడండి. మిరప గింజ పలుచగా, బల్లపరుపుగా, లేత పసుపు రంగులో, దాదాపు గుండ్రంగా ఉంటుంది. చుట్టూ అంచు ఒంటిగా, సన్నగా ఉంటుంది. ఉమ్మెత్త గింజ దానికన్నా కాస్త పెద్దది, మందంగా, గోధుమ రంగులో, చెవి ఆకారంలో ఉంటుంది. పైన చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. వంపు తిరిగిన అంచు మీద రెండు గీతలు నడిచినట్టు ఉంటుంది. బ్లేడుతో నిలువుగా కోస్తే మిరప గింజ లోపలి మొలక 6 అంకెలా లోపలికి చుట్టుకుని ఉంటుంది, ఉమ్మెత్తలో దాని కొస బయటికి తిరిగి ఉంటుంది. మిరప గింజ ఘాటుకు తుమ్ము వస్తుంది, ఉమ్మెత్త గింజకు వాసన లేదు. నాలుక మీద వేసుకుని మాత్రం పరీక్షించకండి.

కల్లంలో కాయలు ఆరబోసేటప్పుడు చుట్టూ ఉన్న ఉమ్మెత్త మొక్కలను కాయ పగలకముందే తీసేయించండి. తాలుకాయలు ఏరినంత శ్రద్ధ దీని మీద కూడా పెట్టాలి.

వండితే విషం పోతుందా?

పోదు. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా ఈ విషాలు చాలావరకు మిగిలే ఉంటాయి. 2019లో ఉగాండాలో సహాయంగా పంచిన పోషకాహారపు పిండిలో ఈ జాతి గింజలు కలిశాయి. దాన్ని జావ కాచుకుని తాగిన వందలమంది జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాలో కలుపుగా మొలిచిన ఉమ్మెత్త పాలకూర పొట్లాల్లోకి చేరి చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు. గట్ల మీద తోటకూర, పొన్నగంటి కూర కోసుకొచ్చే అలవాటున్న వాళ్లు ఒక్కొక్క ఆకూ చూసి కోయండి.

పురుగుమందు తాగినవాళ్లకు ఆసుపత్రిలో ఎక్కించేది ఉమ్మెత్త మందే అంటారు. నిజమా?

ఇది నేను అన్నిటికన్నా ఎక్కువ ఓపికగా జవాబు చెప్పే ప్రశ్న. పత్తి, మిరప పండే నేలలో ఈ ప్రశ్న వెనుక ఎవరి ఇంట్లోనో జరిగిన ఘోరం ఉంటుంది.

ఎక్కించేది అట్రోపిన్. ఉమ్మెత్తలో ఉన్న పదార్థాల్లో అదీ ఒకటి. కానీ ఆ ఇంజెక్షన్ కోసం కాలువ గట్టు మీద ఉమ్మెత్త కోయరు. ఔషధ పరిశ్రమ దీన్నీ, స్కోపోలమిన్‌నూ ఎక్కువగా డుబోయిసియా, బెల్లడోనా వంటి మొక్కల నుంచి తీసి శుద్ధి చేస్తుంది.

మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గనోఫాస్ఫరస్ జాతి పురుగుమందులు లోపలికి పోతే ఒంట్లో అసిటైల్‌కొలిన్ పేరుకుపోతుంది. నోట్లో నురగ, కారిపోయే చెమట, సూదిమొనంత అయిపోయిన కంటిపాపలు, ఊపిరితిత్తుల్లో నీరు. పైన చెప్పిన ఉమ్మెత్త లక్షణాలకు ఇవి పూర్తిగా తలకిందులు. అందుకే అట్రోపిన్ పనిచేస్తుంది. మన దగ్గర ఒక చిన్న గాజు ఆంప్యూల్‌లో ఒక మిల్లీలీటరుకు 0.6 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. మొదటిసారే అలాంటివి మూడు నుంచి అయిదు ఎక్కించి, అయిదు నిమిషాలకొకసారి చూస్తూ, ఊపిరితిత్తుల్లో చప్పుడు శుభ్రపడేదాకా రెట్టింపు చేసుకుంటూ పోతారు. నర్సు మంచం పక్కనుంచి కదలదు. మోతాదు కాస్త ఎక్కువైందా, అదే రోగి జ్వరంతో, పొడిబారిన నోటితో, గాలిలో దారాలు లాగడం మొదలుపెడతాడు. అంటే అచ్చం ఉమ్మెత్త తిన్న మనిషిలా. అప్పుడు మందు ఆపి మళ్లీ తక్కువలో మొదలుపెడతారు. బయట నిలుచున్న బంధువులు అది చూసి పిచ్చెక్కిందని భయపడతారు. సాధారణంగా అది తగ్గిపోతుంది, వైద్యులకు తెలిసిన సంగతే.

అయితే ఆసుపత్రి దూరమైతే ముందుగా ఉమ్మెత్త పసరు పోయవచ్చా?

వద్దు. వద్దంటే వద్దు.

ఆంప్యూల్‌లో ఎంత మందు ఉందో దాని మీద రాసి ఉంటుంది, గుంటూరులోనైనా ఢిల్లీలోనైనా అంతే. ఆకులో ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. ఒకే మొక్క మీద లేత ఆకుకూ ముదురు ఆకుకూ తేడా, వాన పడిన నెలకూ ఎండ కాసిన నెలకూ తేడా, పక్కపక్క మొక్కలకే తేడా. కొలవలేని దాన్ని ఊపిరాడని మనిషి గొంతులో పోస్తే అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పైగా పురుగుమందుల్లో అన్నీ ఆ జాతివి కావు. పైరిత్రాయిడ్‌లకు, కలుపు మందు పారాక్వాట్‌కు అట్రోపిన్ విరుగుడు కాదు. ఆర్గనోఫాస్ఫరస్ అయినా సరే, శ్వాస కండరాలు చచ్చుబడటాన్ని అట్రోపిన్ ఆపలేదు. దానికి వెంటిలేటర్ కావాలి. మీరు చేయగలిగిన మేలు: మందు అంటిన బట్టలు తీసేసి ఒళ్లు కడగడం, డబ్బా వెంట తీసుకెళ్లడం, త్వరగా చేర్చడం.

ఈ పదార్థాలు ఇంకా ఏయే మందుల్లో ఉన్నాయి?

కంటి పరీక్షలో పాప విచ్చుకోవడానికి వేసే చుక్కల్లో అట్రోపిన్, దాని జాతి మందులు ఉన్నాయి. పిల్లల్లో హ్రస్వదృష్టి పెరగకుండా చాలా పలుచని అట్రోపిన్ చుక్కలు కంటి వైద్యులు రాస్తున్నారు. ప్రయాణంలో వాంతులకు స్కోపోలమిన్ పట్టీ, కడుపు మెలిపెట్టే నొప్పికి దాని నుంచి తయారుచేసిన హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్, గుండె మరీ నెమ్మదించినప్పుడు అట్రోపిన్ ఇంజెక్షన్. మత్తుమందు చరిత్రలోనూ ఉమ్మెత్తకు చోటుంది. 1804లో జపాన్ వైద్యుడు హనావొకా సేషు ఉమ్మెత్త, నాభి అనే మరో విషపు మొక్క కలిపిన మందుతో రోగిని పూర్తిగా మత్తులో ఉంచి రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స చేశాడు. ఐరోపా, అమెరికాల్లో ఈథర్ మత్తు రావడానికి నాలుగు దశాబ్దాల ముందు మాట.

ఆయాసానికి ఆకు పొగ పీల్చమంటారు. పనిచేస్తుందా?

ఒకప్పుడు ఇది నిజమైన వైద్యమే. మన దేశంలో తరతరాలుగా ఉన్న ఈ పద్ధతి 1802 ప్రాంతంలో మద్రాసు నుంచి ఇంగ్లండుకు చేరింది. ఆ తరువాత వందేళ్లకు పైగా అక్కడి మందుల దుకాణాల్లో ఉబ్బసం సిగరెట్లు అమ్మారు. శ్వాసనాళాలు కాసేపు సడలే మాట నిజం. కానీ పొగ అదే నాళాలను రేపుతుంది, విషం నెత్తురులోకి ఎంత పోతుందో లెక్క ఉండదు.

ఆ గుణాన్నే తీసుకుని, నెత్తురులోకి పెద్దగా పోకుండా ఊపిరితిత్తుల్లోనే పనిచేసేలా మలిచినవి ఇప్పటి ఇన్‌హేలర్లలోని ఇప్రాట్రోపియం, టయోట్రోపియం. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయపడి ఆకు పొగకు వెళ్లేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మంచిదాన్ని వదిలి దాని ముత్తాత దగ్గరికి పోవడం ఎందుకు?

కుక్క కరిస్తే బెల్లంతో ఉమ్మెత్త పసరు ఇస్తారు కదా?

కొన్ని పల్లెల్లో ఇస్తారు. బతికినవాళ్లు ఆకు వల్లే బతికామనుకుంటారు. కరిచిన ప్రతి కుక్కకూ రేబిస్ ఉండదు, వాళ్లు బతికింది అందుకు. రేబిస్ ఉన్న కుక్క కరిస్తే ఏ పసరూ ఆపదు. జబ్బు లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టండి. చర్మం చీలి నెత్తురు వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్, అంటే రేబిస్‌ను వెంటనే అడ్డుకునే ఇంజెక్షన్, కూడా కావాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం.

కీళ్ల నొప్పులకు ఆకు కాచి కట్టడం, పేనుకొరుకుడుకు పసరు రాయడం?

పగుళ్లు, పుండ్లు లేని చర్మం మీద కాసేపు కట్టిన ఆకుతో సాధారణంగా పెద్ద ముప్పు రాదు. గాయం ఉన్నచోట, చంటిపిల్లలకు, పాలిచ్చే తల్లి రొమ్ము మీద వాడకండి. నొప్పి తగ్గించేది చాలావరకు ఆ వేడే అని నా అభిప్రాయం, అది ఆముదపు ఆకుతోనూ వస్తుంది. పేనుకొరుకుడు చాలామందిలో దానంతట అదే తగ్గి వెంట్రుకలు మళ్లీ వస్తాయి, పేరు పసరుకు పోతుంది. తలకు రాసిన పసరు చెమటతో కంట్లోకి దిగితే చూపు మసకబారుతుంది.

కంటి సంగతి వచ్చింది కాబట్టి: ఉమ్మెత్త మొక్క పీకి అదే చేత్తో కన్ను నలుపుకుంటే ఆ ఒక్క కంటిపాప విచ్చుకుపోతుంది. చూసిన వైద్యుడు మెదడులో ఏదో అయిందని స్కానింగ్ రాయవచ్చు. పొద్దున తోటపని చేశానని ఒక్క మాట చెప్పండి.

ఆయుర్వేదంలో శుద్ధి చేసి వాడతారు కదా?

అవును. ఆ శాస్త్రం దీన్ని ఉపవిషాల్లో చేర్చింది. గింజలను గుడ్డలో మూటకట్టి ఆవుపాలలో వేలాడదీసి ఉడికించే శోధన పద్ధతి చెప్పింది. దగ్గు, ఉబ్బసాలకు ఇచ్చే కనకాసవంలో ఇది ఉంటుంది. ఔషధ నిబంధనల్లోని ఈ(1) షెడ్యూలులో ఉమ్మెత్త పేరుంది కాబట్టి, ఇది కలిసిన మందు సీసా మీద వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలి. శాస్త్రం అంత జాగ్రత్త చెప్పిన మొక్కను యూట్యూబ్ చూసి ఇంట్లో కాచుకోవడం ఆయుర్వేదం అనిపించుకోదు. గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు, ప్రొస్టేట్ వాపుతో మూత్రం కష్టంగా వచ్చే పెద్దవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి.

రైళ్లలో ఇచ్చే మత్తు బిస్కెట్లలో ఇదే కలుపుతారా?

ఒకప్పుడు బాటసారులను దోచుకునే ముఠాలు ఉమ్మెత్త గింజల పొడి వాడేవి. ఇప్పుడు ఎక్కువగా నిద్రమాత్రలు వాడుతున్నారు. విజయవాడ లాంటి పెద్ద జంక్షన్‌లో అపరిచితులు ఆప్యాయంగా ఇచ్చే టీ, బిస్కెట్లు తీసుకోకండి. పక్క బెర్తు మనిషి లేపినా లేవకపోతే నిద్రనుకుని వదిలేయకుండా టీటీఈకి చెప్పండి.

గొడ్లు తింటే?

చేదుకు పచ్చి మొక్కను సాధారణంగా ముట్టవు. మేత కరువైనప్పుడు, ఎండుగడ్డిలోనో దాణాలోనో కలిసినప్పుడు ప్రమాదం. పశువైద్యుడిని పిలవండి.

పెరట్లో మొలిస్తే పీకేయాలా?

చిన్నపిల్లలున్న ఇల్లయితే పీకేయండి. కాయలో బఠాణీలో ఉన్నట్టు గింజలుంటాయని ఒలుచుకుని ఆడుకునే వయసు వాళ్లది. కాయలు పచ్చిగా ఉండగానే, చేతులకు తొడుగు వేసుకుని వేరుతో సహా లాగండి. కాల్చకండి, పొగలోనూ విషం ఉంటుంది. సంచిలో మూటకట్టి చెత్తబండికి ఇచ్చేటప్పుడు లోపల ఏముందో బండి వాళ్లకు చెప్పండి, వాళ్లు వట్టి చేతులతో వేరుచేస్తారు. గింజలు మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి కాబట్టి ఒకసారి పీకినచోట తొలకరి పడ్డాక మళ్లీ చూసుకోవాలి. రెండాకుల మొలకగా ఉన్నప్పుడు తీయడం తేలిక.